డెబ్భై ఆరేళ్ల పెద్దాయన, ఇద్దరు సువార్తికులు



గృహ దర్శనాలకు వెళ్లినప్పుడు ఈ మధ్య ఒకే ప్రశ్న రకరకాల ఇళ్లలో ఎదురవుతోంది. రొయ్యల చెరువుకు వైరస్ తగులుతుందేమోనని రాత్రి రెండింటికి లేచి గట్టు మీదికి వెళ్లే సహోదరుడు అడిగాడు. భార్యను కువైట్ పంపి ఇక్కడ ఇద్దరు పిల్లల్ని చూసుకుంటున్న తమ్ముడు అడిగాడు. స్కానింగ్ రిపోర్టు కవరు విప్పకుండా దిండు కింద పెట్టుకున్న ఒక అమ్మ అడిగింది. “అయ్యగారూ, ఇంత భయం వేస్తోందంటే నాలో విశ్వాసం లేనట్టేనా?”

లేనట్టు కాదు. ఇది నా సొంత మాట కాదు, వాక్యమే చూపిస్తోంది. కొరింథులో ప్రభువు రాత్రివేళ దర్శనమిచ్చి పౌలుతో భయపడవద్దని చెప్పాడు (అపొ. 18). భయం లేనివాడికి ఆ మాట చెప్పనక్కర్లేదు కదా. ఆ ఊరికి భయంతో, వణుకుతోనే వచ్చానని పౌలే తర్వాత తన పత్రికలో రాసుకున్నాడు (1 కొరింథీ 2). దావీదు గాతులో ఫిలిష్తీయుల చేత చిక్కినప్పటి 56వ కీర్తన చూడండి. నాకు భయమే లేదని ఆయన అక్కడ అనలేదు. భయం వచ్చిన రోజున ఎక్కడికి వెళ్తాడో చెప్పాడు.

బైబిల్లో ‘భయపడకుము’ అనే మాట సరిగ్గా 365 సార్లు ఉంది, రోజుకొకటి చొప్పున దేవుడు ఇచ్చాడు అని మనం తరచూ వింటుంటాం. వాట్సాప్‌లో అయితే ప్రతి కొత్త సంవత్సరానికీ వస్తుంది. లెక్కపెడితే అంత రాదు. ఆ లెక్క లేకపోయినా దేవుని వాగ్దానానికి లోటేమీ లేదు కాబట్టి దాన్ని వదిలేద్దాం. ఈ వారం వాక్యంతోపాటు మన గోదావరి ఒడ్డున జరిగిన చరిత్ర ఒకటి చెబుతాను. తణుకులో బస్సెక్కితే గంటన్నర దూరంలో ఉన్న రాజమండ్రిలో జరిగిన సంగతి ఇది. మనలో చాలామంది తాతముత్తాతల రక్షణకు దీనితో సంబంధం ఉంది, అయినా మన పిల్లలకు ఈ పేర్లు తెలియవు.

ముందు మనిషిని పరిచయం చేస్తాను. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్. లూథరన్ సంఘాలవారు ఫాదర్ హయ్యర్ అంటారు. 1793 జూలై 10న జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో పుట్టారు. నెపోలియన్ యుద్ధాల రోజులవి. పద్నాలుగేళ్ల వయసులో, 1807లో, తల్లిదండ్రులు ఆయనను అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఉన్న బంధువు దగ్గరికి పంపించారు. అక్కడే పెరిగి, వేదాంతం చదివి, పెన్సిల్వేనియా అడవుల్లో, కొండల్లో గుర్రం మీద తిరుగుతూ చెదిరిపోయిన జర్మన్ కుటుంబాలకు వాక్యం చెప్పారు. 1839లో భార్య మరణించారు. ఆ తర్వాత రెండేళ్లకు, 1841లో, బోస్టన్ రేవులో ఓడెక్కారు. తెరచాప ఓడ. అక్టోబరులో బయలుదేరితే కొలంబో చేరేసరికి మార్చి. దక్షిణ దేశమంతా దాటుకుంటూ 1842 జూలై 31న గుంటూరు చేరారు. అప్పటికాయన వయసు నలభై తొమ్మిది. మన దగ్గర ఆ వయసువాళ్లు కొడుక్కి సంబంధం చూసి, ఇక వ్యవసాయం వాడికి అప్పగిద్దామనుకుంటారు. ఈయన తెలుగు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టారు. గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్స్ విశ్వాసి, ఆయన ఆదరించి చోటు చూపించారు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. 1840ల మధ్యలో హయ్యర్ గారు అమెరికా తిరిగి వెళ్లి బాల్టిమోర్‌లో వైద్యం చదివారు. 1847లో డాక్టరు పట్టా పుచ్చుకున్నారు. యాభై దాటాక! మళ్లీ 1848లో తెలుగుదేశం వచ్చి పల్నాడులో, గురజాలలో, పరిచర్య మొదలుపెట్టారు. పల్నాడు అంటే అప్పట్లో జ్వరాల సీమ. మలేరియా దోమ వల్ల వస్తుందని ఎవరికీ తెలియదు. చెడుగాలి వల్ల వస్తుందనుకునేవారు. రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో ఆ క్రిమిని కనిపెట్టింది 1897లో, అంటే హయ్యర్ గారు పల్నాడు వెళ్లిన దాదాపు యాభై ఏళ్లకు.

విశ్వాసం ఉన్న మనిషి వైద్యం ఎందుకు చదివాడు? “నమ్మితే చాలు, మాత్ర వేసుకోవద్దు” అని చెప్పే బోధకులు మన చుట్టుపక్కల ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ప్రార్థన నూనె సీసా కొనుక్కుని ఇన్సులిన్ మానేసిన వాళ్లను నేను చూశాను. దేవుని మీద ఆధారపడటమంటే చేతులు ముడుచుకోవడమని హయ్యర్ గారు అనుకోలేదు. జ్వరాల సీమకు వెళ్లేవాడు జ్వరం గురించి నేర్చుకుని వెళ్లాడు. నెహెమ్యా యెరూషలేము గోడ కట్టేటప్పుడు ప్రార్థనా చేశాడు, కాపలా కూడా పెట్టాడు. రెండూ ఒకే వచనంలో ఉన్నాయి (నెహెమ్యా 4:9).

1857లో ఆయన అమెరికా తిరిగి వెళ్లిపోయారు. అరవై నాలుగేళ్లు. విశ్రాంతి తీసుకోలేదు. మిన్నెసోటాలో కొత్త సంఘాలు కట్టారు, 1860లో అక్కడి లూథరన్ సినడుకు మొదటి అధ్యక్షుడయ్యారు. సరే, ఆయన్ని అక్కడుంచి మనం గోదావరికి వద్దాం.

రాజమండ్రి పరిచర్యను మొదట మొదలుపెట్టింది ఉత్తర జర్మనీ మిషన్ వారు, 1845లో. నిధులు చాలక కొన్నేళ్లకే దాన్ని అమెరికా లూథరన్లకు అప్పగించారు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని నడుస్తున్న కాలం అది (1847లో మొదలై 1852లో పూర్తయింది). మన కాలువలకు నీళ్లు రాబోతున్నాయి, పల్లెలు నిండబోతున్నాయి. సరిగ్గా పంట చేతికొచ్చే వేళకు కోతగాళ్లు లేనట్టయింది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో అంతర్యుద్ధం. డబ్బు రావడం తగ్గిపోయింది. వచ్చినవాళ్లు ఆరోగ్యం చెడి వెనక్కి వెళ్లిపోతున్నారు. చివరికి మిగిలింది సామర్లకోటలో ఆడమ్ లాంగ్, గుంటూరులో ఎరియస్ ఊనాంగ్స్ట్.

1866 మార్చిలో సామర్లకోటలో లాంగ్ గారి ఇంటికి మశూచి వచ్చింది. మన అమ్మమ్మలు పెద్దమ్మవారు అనే పేరు తప్ప వేరే పేరుతో ఆ రోగాన్ని పిలవడానికి కూడా భయపడేవారు. ఇద్దరు పిల్లలు పోయారు, లాంగ్ గారూ పోయారు. ఇక మొత్తం తెలుగుదేశంలో అమెరికా లూథరన్ మిషనరీ ఊనాంగ్స్ట్ ఒక్కడే. గుంటూరు నుంచి రాజమండ్రి రావాలంటే కృష్ణ దాటాలి, గోదావరి దాటాలి. రైలు లేదు, హేవ్‌లాక్ వంతెన రావడానికి ఇంకా ముప్ఫై ఏళ్లకు పైగా ఉంది. వీలైనప్పుడు వచ్చి చూసిపోవడమే ఆయన చేయగలిగింది.

అప్పుడు రాజమండ్రి పొలాన్ని ఎవరు కాశారు? తోట యోసేపు, ఆయనతోపాటు ఇంకొకరు, ఇద్దరూ తెలుగు సువార్తికులు.

నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. పుస్తకాలు మిషనరీల పేర్లకు పేజీలిస్తాయి, వీళ్లకు రెండు మూడు వాక్యాలు. ఆ మూడేళ్ల పైచిలుకు ఎలా గడిచి ఉంటుందో మీరే ఆలోచించండి. దొరగారు పోయారు. ఆయన పిల్లలూ పోయారు. “ఈ కొత్త దేవుణ్ణి తెచ్చినవాడినే అమ్మవారు తీసుకుపోయింది” అని ఊళ్లో అనుకోవడానికి ఎంతసేపు? కులంవాళ్లలోకి తిరిగి వెళ్లిపోయే దారి తెరిచే ఉంటుంది. సముద్రం అవతల ఉన్న సినడు తమ గురించి ఏం నిర్ణయిస్తుందో తెలియదు. ఓడలో వచ్చినవాడికి ఓడలో తిరిగి వెళ్లే అవకాశం ఉంటుంది. ఈ ఇద్దరూ ఎక్కడికి వెళ్తారు? వాళ్లు పుట్టిన దేశం ఇదే, చూపిన సాక్ష్యం ఈ మనుషుల ముందే. వాళ్లు ఉండిపోయారు. కేవలం ఉండిపోయారు. కొన్నిసార్లు విశ్వాసమంటే అంతకంటే ఏమీ కాదని నాకనిపిస్తుంది: మర్నాడు పొద్దున కూడా అదే ఊళ్లో, అదే పని మీద కనబడటం.

భయం జయించినవాళ్ల కథలు చెప్పేటప్పుడు మనం సింహాల గుహనూ అగ్నిగుండాన్నీ చెబుతాం. అవి ఒక్క రాత్రి, ఒక్క పూట. మూడేళ్లు జవాబు రాకుండా ఎదురుచూడటం వేరే రకం గుండం. కువైట్ నుంచి ఫోను కోసం చూసే తమ్ముడికి ఇది అర్థమవుతుంది.

ఇక అమెరికాలో ఏం జరిగిందంటే, అక్కడ లూథరన్లు రెండుగా చీలిపోయారు. గుంటూరే నడపలేని స్థితిలో ఉన్నవాళ్లు రాజమండ్రిని ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీకి అప్పగించేద్దామనుకున్నారు. అప్పగింత దాదాపు ఖాయమైంది. ఆ సంగతి జర్మనీలో ఉన్న హయ్యర్ గారి చెవిన పడింది. ఒకప్పుడు రాజమండ్రిలో పనిచేసిన గ్రోనింగ్ గారు ఆయనతో మాట్లాడారు. 1869లో పెన్సిల్వేనియాలోని రీడింగ్ పట్టణంలో సినడు సమావేశం జరుగుతుంటే ఈ పెద్దాయన సముద్రం దాటి అక్కడికి వెళ్లి నిలబడ్డారు. ఆ పొలం వదలొద్దు, మనుషులు దొరికేదాకా నేనే వెళ్లి చూసుకుంటాను అన్నారు. డెబ్భై ఐదేళ్లు నిండిన మనిషి.

హారాను నుంచి బయలుదేరినప్పుడు అబ్రాహాముకూ డెబ్భై ఐదేళ్లేనని ఆదికాండము 12వ అధ్యాయం చెబుతుంది. ఎనభై ఐదేళ్ల వయసులో నాకు ఆ కొండ ఇవ్వమని యెహోషువను అడిగిన కాలేబు కూడా గుర్తొస్తాడు (యెహోషువ 14). కానీ కాలేబు తనలో బలం తగ్గలేదన్నాడు. హయ్యర్ గారి బలం తగ్గింది. అందుకే “మనుషులు దొరికేదాకా” అన్నారు. తాను చివరిదాకా ఉండలేనని ఆయనకు తెలుసు. ముసలితనం లేదన్నట్టు నటించలేదు, దాన్ని లెక్కలో వేసుకునే బయలుదేరారు. 1869 డిసెంబరు 1న రాజమండ్రి చేరారు. డెబ్భై ఆరేళ్లు. ఆ ఇద్దరు సువార్తికులూ అక్కడే ఉన్నారు.

ఇక్కడితో ఆపేస్తే మంచి సాక్ష్యంలా ఉంటుంది. చాలామంది ప్రసంగాల్లో ఇక్కడే ఆపుతారు కూడా. కానీ 1870 వేసవి సంగతి చెప్పకుండా ఈ చరిత్ర చెప్పకూడదు.

హయ్యర్ గారికి సాయంగా, ఆయన తర్వాత పని అందుకోవడానికి, బెకర్ అనే యువ మిషనరీని భార్యతో సహా పంపించారు. అందరి ఆశా ఆయన మీదే. ఆయన 1870లో రాజమండ్రి చేరారు. ఎండలు ముదిరాయి. గోదావరి గట్టు మీద మే నెల ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, ఇసుక తిన్నెల మీదుగా వచ్చే వడగాలి మనకే ఊపిరాడనివ్వదు. వచ్చిన కొద్ది కాలానికే ఆ నెలలోనే బెకర్ గారు కన్నుమూశారు. డెబ్భై ఆరేళ్లవాడు నిలిచి ఉన్నాడు, ఆయన స్థానం తీసుకోవడానికి వచ్చిన యువకుడు వెళ్లిపోయాడు. మట్టి ఇచ్చిన పెద్దాయన మళ్లీ ఒంటరిగా మిగిలారు.

ఇద్దరూ ఒకే దేవుణ్ణి నమ్మారు. ఇద్దరూ ఒకే పిలుపు విని ఒకే సముద్రం దాటారు. బెకర్ గారికి విశ్వాసం తక్కువైందని అనగలమా? లాంగ్ గారి పసిపిల్లలకు ఏ విశ్వాసం లోటయింది? “నమ్మినవాడికి ఏ కీడూ రాదు” అని స్టేజీ మీద గట్టిగా చెప్పే బోధను ఈ సమాధుల పక్కన నిలబడి చెప్పమనండి, గొంతు పెగలదు.

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయం తీయండి. హేరోదు యాకోబును కత్తితో చంపించాడు. అదే హేరోదు పేతురును చెరలో వేశాడు, దేవదూత వచ్చి విడిపించాడు. సంఘం ఒకటే. యాకోబు కోసం ప్రార్థన చేయలేదని లూకా రాయలేదు. యాకోబు ఎందుకు, పేతురు ఎందుకు కాదు అనే ప్రశ్నకు అక్కడ జవాబూ రాయలేదు. హెబ్రీ 11లో కూడా అంతే. విశ్వాసం వల్ల ఖడ్గధార తప్పించుకున్నవాళ్లూ, విశ్వాసం వల్లనే ఖడ్గంతో చంపబడినవాళ్లూ రెండు మూడు వచనాల తేడాలో ఉంటారు. వాళ్లందరినీ ఒకే జాబితాలో వేశాడు ఆ పత్రిక రాసినవాడు.

కాబట్టి దిండు కింద కవరు పెట్టుకున్న అమ్మకు నేను “రిపోర్టు బాగానే వస్తుంది, భయపడకు” అని చెప్పలేదు. నాకు తెలియదు గనుక చెప్పలేదు. కవరు ఇద్దరం కలిసి విప్పుదాం అన్నాను. విప్పాం. అందులో ఏముందో ఆమె సంగతి, ఇక్కడ రాయను. విప్పేటప్పుడు ఆమె చేతులు వణికాయి, ప్రార్థన చేసేటప్పుడు కూడా వణుకుతూనే ఉన్నాయి. అది అవిశ్వాసం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పరిపూర్ణ ప్రేమ భయాన్ని వెళ్లగొడుతుందని యోహాను రాసింది (1 యోహాను 4) నిజమే. కానీ ఆయన అక్కడ మాట్లాడుతున్నది తీర్పు దినపు భయం గురించి, దండన గురించి. దేవుడు నన్ను శిక్షించడానికే ఈ రోగం పంపాడు అనే భయం ఉంటుందే, దాన్ని సిలువ తీసేసింది. వడగాలి భయం, చెరువు భయం, ఆపరేషన్ భయం ఈ శరీరంలో ఉన్నంతకాలం వస్తూ పోతుంటాయి.

మన పశ్చిమ డెల్టాలోనే ఇంకొక జత ఉంది, క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు భార్యలతో కలిసి 1836లో బయలుదేరారు. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే దైవజనుడు వాళ్లను పిలిచాడు. గ్రోవ్స్ స్వయంగా బాగ్దాదులో ప్లేగులో భార్యను పోగొట్టుకున్నవాడు, అంటే పిలిచినవాడు ఏమీ దాచకుండానే పిలిచి ఉంటాడు. వీళ్ల వెనుక జీతమిచ్చే సొసైటీ లేదు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్ అని మన పెద్దలు చెప్పేది ఇదే. 1839లో కోరంగిని తుడిచిపెట్టిన ఉప్పెన వచ్చిన కాలానికి వాళ్లు ఈ తీరంలోనే ఉన్నారు. బీర్ గారు 1853లో పోయారు, బౌడెన్ గారు 1876 దాకా నిలిచారు. మళ్లీ అదే తేడా చూడండి, ఒకరు పదిహేడేళ్లకే, ఒకరు నలభై ఏళ్లు. నరసాపురం వైపు వెళ్లే సంఘస్థులు అక్కడి పాత బ్రదరెన్ విశ్వాసులను అడిగితే నాకంటే ఎక్కువ చెబుతారు.

తిరిగి రాజమండ్రికి. బెకర్ గారు పోయాక హయ్యర్ గారు మూటా ముల్లే సర్దుకోలేదు. వేసవి గడిచింది, వానలు పడ్డాయి, గోదావరికి ఎర్రనీరు వచ్చింది. ఆగస్టులో ష్మిట్ అనే మరో యువకుడు వచ్చాడు. హెచ్. సి. ష్మిట్. ఈయనకు వేసవి తప్పింది, వర్షాకాలంలో దిగాడు. పెద్దాయన ఆయనకు దగ్గరుండి పని నేర్పించారు, ఊళ్లు చూపించారు, ఆ ఇద్దరు సువార్తికులను పరిచయం చేశారు. మూడు దశాబ్దాలకు పైగా ష్మిట్ గారు ఆ పనిలో ఉన్నారు. తాడేపల్లిగూడెం, భీమవరం వైపు లూథరన్ సంఘాలు లేచింది ఆ తర్వాతి ఏళ్లలోనే. 1927లో గుంటూరు, రాజమండ్రి రెండూ కలిసి ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం అయింది.

1871 మొదట్లో హయ్యర్ గారు సెలవు తీసుకున్నారు. ఫిలడెల్ఫియాలో వేదాంత విద్యార్థులు ఉండే చోట పెద్దదిక్కుగా, కుర్రాళ్లకు తండ్రిలా ఉంటూ 1873 నవంబరు 7న ప్రభువునందు నిద్రించారు. ఎనభై ఏళ్లు. తోట యోసేపు గారు, ఆయన తోటి సువార్తికుడు గోదావరి ఒడ్డునే పరిచర్య చేస్తూ తర్వాత పాదిరీలుగా అభిషేకం పొందారు.

వచ్చే బుధవారం సాయంత్రం ప్రార్థన కూడికలో అపొస్తలుల కార్యములు 12 చదువుదాం. ఇంట్లో ముందుగా ఒకసారి చదువుకుని రండి. చెరువు దగ్గర పని ఉన్నవాళ్లు ఆలస్యమైనా పర్వాలేదు, వెనుక తలుపు తీసే ఉంటుంది.